కాస్త సర్దుకోండి!

మన తెలుగువాళ్ల నోట రోజుకు ఒక్కసారైనా వినిపించే మాట "కాస్త సర్దుకోండి." ఆమదాలవలస స్టేషనులో దిగి శ్రీకాకుళం రావడానికి ఆటో ఎక్కామనుకోండి. ముగ్గురు కూర్చోవలసిన చోట అయిదుగురం కూర్చుని ఉంటాం. ఆరోవాడు వచ్చి, ఎంతో మర్యాదగా, "కాస్త సర్దుకోండి బాబూ" అంటాడు. సర్దుకుంటాం. ఏం మాయో గాని, అంతవరకూ లేని జానెడు చోటు ఎక్కడినుంచో పుట్టుకొస్తుంది. పెళ్లివారింట్లో చాపమీద అంతే, పండక్కి చుట్టాలు దిగిన ఇంట్లోనూ అంతే.

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కావడంచేత మాటల వెంట పడడం నాకు అలవాటు. సర్దడం అంటే వస్తువుల్ని ఒక తీరులో పెట్టడం. పెట్టెలో బట్టలు సర్దుతాం, అటకమీద సామాను సర్దుతాం. అదే "సర్దుకోవడం" అనేసరికి సర్దేవాళ్లమూ మనమే, బట్టలమూ మనమే! ఇది మంచి గుణమే, కాదనను. కాని ఎంతవరకు మంచిది, ఎవరు ఎవరిని సర్దుకోమనవచ్చు అన్న ప్రశ్న నన్ను కొంతకాలంగా వదలడం లేదు. అందుకు కారణం ఓడ.

2022 జూన్‌లో విశాఖపట్టణంనుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నపట్నానికి "ఎంప్రెస్" అనే విహారనౌక నడిచింది. మా కాలేజీ లెక్చరరు గారొకరు సకుటుంబంగా వెళ్లివచ్చి, వారం రోజులపాటు స్టాఫురూములో మరో కబురు సాగనివ్వలేదు. ఈతకొలనుట, నాటకశాలట, అర్ధరాత్రి దాకా ఫలహారాలట! ఆ ఫోటోలు మా ఇంటిదాకా వచ్చాయి. మా ఆవిడ టిక్కెట్టు ధర అడిగింది. మా అమ్మాయి మాత్రం, "నాన్నా, అందులో ఎంతమంది పడతారు?" అంది. సుమారు 1,800 మంది ప్రయాణికులు అన్నాను. "అంటే మన పేట మొత్తమా!" అని నోరు తెరిచింది.

పేటే, సందేహం లేదు. కాని పేటలో జబ్బు పుడితే ఎవరి తలుపు వారు వేసుకోవచ్చు. మరీ భయమైతే అత్తవారి ఊరికో అమ్మగారి ఊరికో పోవచ్చు. ఓడలో ఎక్కడికని పోతాం? అదే ఓడ అదే ఏడాది జనవరిలో బొంబాయినుంచి గోవాకు సుమారు 2,000 మందితో వెళ్లింది. అక్కడ అందరికీ పరీక్షలు జరిపిస్తే 66 మందికి కరోనా ఉన్నట్టు తేలింది. విహారం అక్కడితో ఆగింది. ఓడ తిరిగి బొంబాయి దారి పట్టింది.

అంతకు రెండేళ్ల ముందు, 2020 ఫిబ్రవరిలో, జపానులోని యోకొహామా రేవులో "డైమండ్ ప్రిన్సెస్" అనే మరో విహారనౌకను నిలిపివేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అందులో ఉన్నవారు 3,711 మంది. కరోనా సోకినవారు 712 మంది. అంటే అయిదుగురిలో ఒకరన్నమాట. ప్రయాణికులను ఎవరి గదిలో వారిని ఉండమన్నారు. బాగానే ఉంది. మరి వాళ్లకు మూడుపూటలా భోజనం అందించినవారెవరు? ఓడలో పనిచేసే వెయ్యిమందికి పైగా సిబ్బంది. వాళ్లకు మాత్రం ఎవరి గది వారికి లేదు. కింది అంతస్తుల్లో గదులు పంచుకుని పడుకోవాలి. అందరూ ఒకేచోట కూర్చుని తినాలి. తెల్లవారితే మళ్లీ పళ్లేలు మోయాలి. ఆ సిబ్బందిలో మన దేశంవాళ్లు 132 మంది. పై అంతస్తువారికి ఏకాంతం దొరకడం కోసం కింది అంతస్తువారు సర్దుకున్నారు. ఇక్కడే నాకు ఆ మాట మొదటిసారి చేదుగా తోచింది.

ఓడ, ఇరుకు, రోగం. ఈ మూడింటి పొత్తు మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు కొత్తది కాదు. అప్పటికి ఈ జిల్లాలు ఈ పేర్లతో లేవు. మనవాళ్లు గంజాం, విశాఖపట్టణం జిల్లాలవాళ్లు. కోతల కాలానికి కలింగపట్నంలోనో, బారువలోనో, భీమునిపట్నంలోనో స్టీమరెక్కి రంగూను వెళ్లేవారు. ఒడ్డుకు ఓడ వచ్చేది కాదు. దూరాన సముద్రంలో నిలబడేది. పడవల్లో అలల మీదుగా వెళ్లి దాన్ని అందుకోవాలి. కోరంగి రేవు పేరుమీద బర్మాలో మనవాళ్లందరికీ "కోరంగీలు" అన్న పేరు స్థిరపడింది. బియ్యపుమిల్లుల్లో, రేవులో, రిక్షాల దగ్గర చెమటోడ్చింది చాలావరకు వాళ్లే. 1920ల్లో రాకపోకలు జోరుగా ఉన్న సంవత్సరాల్లో రంగూను రేవులో దిగిన భారతీయులు మూడు లక్షలకు పైనే.

వీళ్లలో నూటికి తొంభైమందికి పైగా డెక్కు ప్రయాణికులే. డెక్కు టిక్కెట్టంటే గది లేదు, మంచం లేదు. చాప పరుచుకున్నంత మేర మనది. ఒక్కొక్క ఓడలో ఎంతమందిని ఎక్కించవచ్చో లెక్క లేకపోలేదు. 1887లో చేసిన "నేటివ్ పాసెంజర్ షిప్స్" చట్టం ప్రకారం చోటును అడుగుల్లో కొలిచి, ఇంతమంది అని సర్టిఫికెట్టు ఇచ్చేవారు. కాని కాగితంమీది అడుగులు వేరు. మూటలు, కుండలు, చంటిపిల్లలతో నిండిన డెక్కు వేరు.

ఇది నా ఊహ కాదు. 1915 మార్చిలో గాంధీగారు రంగూనులో ఉన్న డాక్టరు మెహతాగారిని చూడడానికి కలకత్తానుంచి డెక్కు టిక్కెట్టు మీదే వెళ్లారు. ఆ రెండు రోజుల ప్రయాణం గురించి తన ఆత్మకథలో రాసుకున్నారు. స్నానాల గదీ మరుగుదొడ్లూ అడుగుపెట్టరాని స్థితిలో ఉన్నాయనీ, ఓడ అధికారితో చెప్పుకుంటే ఫలితం లేకపోయిందనీ, మనుషులకన్న వాళ్ల సామానే ఎక్కువ చోటు ఆక్రమించిందనీ అందులో ఉంది. కూర్చున్నచోటే ఉమ్మివేసే మనవాళ్లనూ ఆయన విడిచిపెట్టలేదు. రంగూను చేరాక కంపెనీ ఏజెంటుకు ఉత్తరం రాశారు. తిరుగు ప్రయాణం కాస్త నయమైందిట. గాంధీగారు రాశారు గనుక నయమైంది. మిగతా లక్షలమందికి ఉత్తరం రాయడమూ తెలియదు, రాస్తే చదివేవాడూ లేడు.

ఆ మిగతావాళ్లలో మా మామ్మ తండ్రి ఒకడు. బియ్యపుమిల్లులో పనికని మూడుసార్లు రంగూను వెళ్లివచ్చాడు. ఆ కబుర్లు మామ్మ మాకు చెప్పేది. నేను ఎన్నటికీ మరవలేనిది ఒకటుంది. తిరుగు ప్రయాణంలో ఆయన పక్కన భీమిలి వైపు మనిషొకడు చోటు చేసుకున్నాడట. రెండు రాత్రులు ఇద్దరూ మోకాళ్లు ముడుచుకుని, ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని కునికారట. మూడోనాడు ఆ మనిషికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. చూస్తూండగానే చుట్టూ ఉన్నవాళ్లంతా చాపలు లాక్కుని దూరం జరిగారు. అంతసేపూ జానెడు లేని చోట బారెడు చోటు ఏర్పడింది.

"ఒళ్లు బాగున్నంతసేపూ ముడుసుకునే ఉన్నాడు నాయనా! రోగమొచ్చినాక కాళ్లు సాపుకున్నాడు" అనేది మామ్మ.

తెల్లవారేసరికి ఆ మనిషి లేడు. సముద్రంలో వదిలేశారు. గడియ తిరగకముందే ఆ చోటూ నిండిపోయిందట. మా మామ్మ ఈ కథను ఎవరినీ తిట్టకుండా చెప్పేది. చిన్నప్పుడు ఓడమీద కలరా కథగా విన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది చోటు కథ. ఆ బారెడు చోటు ముందే ఇచ్చి ఉంటే, శుభ్రమైన నీళ్లూ దొడ్డీ ఇచ్చి ఉంటే, ఆ మనిషి భీమిలి చేరి ఉండేవాడేమో!

"ఇవన్నీ వెనకటి రోజుల సంగతులు" అని తేల్చివేద్దామంటే, 2020 వేసవి అడ్డువచ్చింది.

మన శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ఇంత తీరం ఉండీ, పెద్ద చేపలరేవు లేక, మన మత్స్యకారులు దేశానికి ఆ చివరనున్న గుజరాతులోని వేరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలికి పనిచేస్తూంటారు. 2020 మార్చి 25న దేశమంతా తలుపులు మూసుకుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు నాలుగు వేలకు పైగా ఆ రేవులో చిక్కుపడిపోయారు. ఊళ్లోకి రానివ్వరు, ఇంటికి రావడానికి బండి లేదు. వేటాడే బోట్లే ఇళ్లయ్యాయి.

నా దగ్గర డిగ్రీ చదువుకునే కుర్రవాడొకడి తండ్రి అక్కడున్నాడు. కాలేజీ లేదు గనుక ఫోనులోనే మా మాటలు. "బోటుకి తొమ్మిదిమంది మేస్టారూ. గది ఒకటే. వేటకెళ్లినప్పుడైతే సగంమంది పనిలో ఉంటారు, సగంమంది పడుకుంటారు. ఇప్పుడు పని లేదు కదా, తొమ్మిదిమందీ ఒక్కసారే పడుకోవాలి" అన్నాడు. ఈ లెక్క నాకు తట్టలేదు. బోటులో ఎంతమంది పడతారన్నది బోటు పొడవు వెడల్పుల లెక్కే కాదు, వాళ్లు మేలుకుని ఉన్నారా నిద్రపోతున్నారా అన్న లెక్క కూడా!

నాలుగు రోజుల తరువాత మళ్లీ ఫోను చేశాడు. గొంతు మారిపోయి ఉంది. బోటులో ఒకాయనకు జ్వరం వచ్చిందిట. ఆయనను పైన టార్పాలిను కింద విడిగా పడుకోబెట్టారట. వర్షం చినుకు పడితే ఏం చెయ్యాలో తెలియదట. "మా నాన్నే రాత్రిపూట మెట్లమీద కూర్చుని ఆయన్ని కనిపెట్టుకుని ఉంటున్నాడు మేస్టారూ. వద్దని చెప్పండి మీరైనా" అన్నాడు. నేనేమని చెప్పను? దూరంగా ఉండమని చెప్పడానికి అక్కడ దూరమేదీ? పోనీ, జ్వరంతో ఉన్నవాణ్ణి ఒంటరిగా వదిలెయ్యమని చెప్పడానికి నాకు నోరేదీ? "జాగ్రత్తగా ఉండమని చెప్పు నాయనా" అన్నాను. అంతకన్న ఎవరూ ఏమీ చెప్పలేరు.

అదృష్టవశాత్తు అది మామూలు జ్వరమే. మూడు రోజుల్లో తగ్గింది. ఏప్రిల్ నెలాఖరున ప్రభుత్వం బస్సులు ఏర్పాటుచేసి వాళ్లను దేశం ఈ చివరినుంచి ఆ చివరికి తీసుకువచ్చింది. కుర్రవాడి తండ్రి క్వారంటైను పూర్తిచేసుకుని, సగమై ఇల్లు చేరాడు. మొదటిరాత్రి ఇంట్లో పడుకోలేదట. ఇసుకలో చాప వేసుకుని, కాళ్లూ చేతులూ బారచాపి నిద్రపోయాడట.

"జనాన్ని తగ్గించి ఎక్కించాలి అంటావు సరే, మరి మిగిలినవాళ్ల మాటేమిటి?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడ్డాక, రేవులో ఓడకోసం ఎగబడిన మనవాళ్లకు చట్టం లెక్క చెప్పి సగంమందిని ఆపేస్తే వాళ్ల గతి ఏమిటి? ఓడ దొరకని లక్షలమంది కొండలూ అడవులూ పట్టి నడిచారు. దారిలో రాలిపోయినవాళ్లు వేలకు వేలు. అటువంటివేళ సర్దుకోమనడమే ధర్మం.

కాని దీనికి జవాబు కూడా మన విశాఖలోనే దొరికింది. విశాఖపట్టణం స్వస్థానంగా ఉన్న నౌకాదళపు ఓడ "జలాశ్వ" సుమారు వెయ్యిమంది సైనికుల్ని మోయగలది. 2020 మే నెలలో మాల్దీవులనుంచి మనవాళ్లను తేవడానికి వెళ్లినప్పుడు మొదటిసారి ఎక్కించుకున్నది 698 మందిని. వాళ్లలో 19 మంది గర్భిణులు. మే 10న కొచ్చిలో దింపి, మళ్లీ వెళ్లింది. మరికొన్ని ఓడలూ కలిసి "సముద్రసేతు" అన్న పేరున 55 రోజుల్లో, పలుమార్లు తిరిగి, 3,992 మందిని ఇల్లు చేర్చాయి. ఎడం కావాలంటే ఒకణ్ణి రేవులో వదిలెయ్యనక్కరలేదు. ఓడ రెండోసారి వెళ్తే చాలు. ఆ రెండోసారికి డబ్బు అవుతుంది. డెక్కుమీద మనుషుల్ని కుక్కిన రోజుల్లో మిగిలింది ఆ డబ్బే.

సర్దుకోవడం మన గుణం. ఆటోలో ఆరోవాడికి నేను రేపూ చోటిస్తాను; అతను నాతోపాటే ఇరుకున కూర్చుంటాడు గనుక ఆ మాట అనే హక్కు అతనికి ఉంది. తాను కాళ్లు చాపుకుని కూర్చుని ఇంకొకణ్ణి ముడుచుకోమనేవాడికి మాత్రం ఆ హక్కు లేదు. అందులోనూ రోగకాలంలో, వాడు అడిగేది జానెడు చోటు కాదు, ఎదుటివాడి ఊపిరి.

మా ఇంట్లో ఓడప్రయాణం మాట ఇంకా నలుగుతూనే ఉంది. వద్దనలేదు, సముద్రం చూడాలని పిల్లలకు ఉండదా? టిక్కెట్టు కొనే రోజున మా ఆవిడ ధర అడుగుతుంది, అమ్మాయి ఎంతమంది పడతారని అడుగుతుంది. నేను అడగదలచుకున్నది మరొకటి ఉంది: మనకు అన్నం వడ్డించే కుర్రాళ్లు ఎక్కడ పడుకుంటారు? వాళ్లలో ఒకడికి జ్వరం వస్తే వాడికి విడిగా గది ఉందా? ఆ గది కూడా లెక్కవేసుకున్నాకనే ఎంతమంది పడతారో చెప్పమనండి.