ఎవరి జవాబు?

మా పిన్ని బెంగళూరులో ఒక హైస్కూల్లో స్పెషల్ ఎడ్యుకేటర్. చదవడంలో, రాయడంలో, వినడంలో ఇబ్బంది ఉన్న పిల్లల బాధ్యతంతా ఆమెదే. ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు. ఎవరిని ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, ఎవరికి ప్రశ్నపత్రం పెద్ద అక్షరాల్లో కావాలి, ఎవరికి ప్రశ్న చదివి వినిపించాలి అన్నీ రాసి ప్రతి టీచరుకీ ఇస్తుంది. ఇవ్వడం సులభమే, ఒప్పించడమే కష్టం అంటుంది. "ఆమెకి ఎక్కువ టైమిస్తే మిగతావాళ్లకి అన్యాయం కదా మేడమ్?" అనే మాట ప్రతి ఏడూ వస్తుందట.

మొన్న మా సెలవుల్లో వాళ్లకి యూనిట్ టెస్టులు. రాసిపెట్టేవాళ్లు చాలలేదని పిన్ని నన్ను రమ్మంది. నాకిచ్చింది తొమ్మిదో తరగతి అమ్మాయిని. డిస్లెక్సియా. అడిగితే గడగడా చెబుతుంది, కాగితం మీద అక్షరాలు తారుమారవుతాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఇలాంటి అభ్యసన ఇబ్బందులూ ఉన్నాయి. రాసిపెట్టే మనిషి, అదనపు సమయం ఆ చట్టం చెప్పినవే, ఎవరి దయా కాదు. గంటకి 20 నిమిషాల చొప్పున, గంటన్నర పరీక్షకి అరగంట ఎక్కువ.

ఆరోజు తెలుగు పరీక్ష. మీ ఇంట్లో పండుగ గురించి రాయమని ప్రశ్న. ఆ పిల్ల చెప్పింది: "ఉగాదికి అవ్వ ఒబ్బట్లు చేస్తాది. పూర్ణం రుబ్బేకి నన్నే పిలుస్తాది. చెయ్యి నొచ్చినా నాకు బేజారు కాదక్కా."

నేను రాసింది: "ఉగాది పర్వదినమున మా నాయనమ్మ బొబ్బట్లు తయారు చేయును. నేను ఆమెకు సహాయపడుదును."

బీఏ తెలుగు చదువుతున్నాను కదా, మేలు చేశాననుకున్నాను.

పిన్ని కాగితం చూసింది. "ఇది ఎవరి జవాబు?" అంది. నేను మాట్లాడలేదు. "నువ్విట్లా దిద్దేస్తే దానికేం వచ్చో, ఏం రాదో నాకెట్లా తెలుస్తుంది? చెయ్యి నొచ్చిన మాట ఏదీ?"

పెద్ద పరీక్షల్లో అభ్యర్థి తనే తెచ్చుకునే స్క్రైబు చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 మార్గదర్శకాల్లో ఎందుకు పెట్టారో అప్పుడర్థమైంది. ఎక్కువ తెలిసినవాళ్ల చెయ్యి ఊరుకోదు.

పిన్ని తెలుగు టీచరుతో ఉన్నదున్నట్టు చెప్పి, ఇంకో కాగితం తెచ్చింది. ఆ అమ్మాయి మళ్లీ చెప్పింది. ఈసారి "చేస్తాది", "రుబ్బేకి", "బేజారు" అన్నీ అలాగే రాశాను. చివర్లో చదివి వినిపిస్తే నవ్వింది. "మొదటిసారి చదివినప్పుడు నాది కాదనుకున్నానక్కా. పెద్దవాళ్లు కదా, ఎట్లా చెప్పేదని ఊరుకున్నా."

టీచరు "బేజారు" కింద గీత గీశారు. మార్కులు మాత్రం కొయ్యలేదు.

మా ఇంట్లోనూ అవ్వ "చేస్తాది" అనే అంటుంది. ఆ మాట కాగితం మీద రాయడం నాకదే మొదటిసారి.