అహోబిలపు దారిలో రెండు దీపములు

నంద్యాలనుండి అహోబిలము సుమారు 70 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరి, ఎగువ దిగువ సన్నిధులను సేవించి, రాత్రికి ఇల్లు చేరుటకు ఒక దినము చాలును. చాలనిది వెలుతురు. కార్తికమాసమున ఆరు గంటలు కాకమునుపే ప్రొద్దు క్రుంకును. నల్లమల కొండల నీడలో అంతకు ముందే మసక కమ్మును. యాత్రికులు పలువురు దిగువ అహోబిలమున రాత్రి నిలిచి మఱునాడు మరలుదురు. మాకది వీలుపడదు. మా అత్తగారు మంచము పట్టి రెండేండ్లయినది. పగలు పొరుగింటి వదినగారు కనిపెట్టి యుందురు గాని, రాత్రి తొమ్మిదిన్నర మందు మా చేతిమీదుగానే పడవలయును. బస్సుల వేళలు మాకు కుదరవు. కారు బాడుగ ప్రైవేటుబడి పంతులుగారి జీతమునకు మించినది. బాల్యమున తండ్రిగారియొద్ద ఎఱ్ఱాప్రగడ నృసింహపురాణము చదివినది మొదలు చూడగోరిన క్షేత్రము, ఇంటికి ఇంత చేరువ నుండియు, చేతికందకయే యుండెను.

మావారికి పాత చేతక్ స్కూటరు కలదు. ఇటలీదేశపు వెస్పా పోలికలో మలచి 1972లో మన దేశమున వెలువరించిన బండి ఇది. హల్దీఘాటు యుద్ధమున రాణా ప్రతాపుని మోసిన గుఱ్ఱము పేరు దీనికి పెట్టిరి. 2020లో అదే పేరిట విద్యుత్తుతో నడచు బండి వచ్చినది. మాది మాత్రము పెట్రోలు త్రాగునదే, ఆరు ఓల్టుల కాలము నాటిది, బ్యాటరీ లేనిది.

బ్యాటరీ లేక దీపమెట్లు వెలుగునని సోదరీమణులు అడుగవచ్చును. ఇంజనుతోపాటు తిరుగు చక్రములో అయస్కాంతములు, దానిలోపల రాగితీగ చుట్టలు ఉండును. చక్రము తిరిగినంతసేపు తీగలో విద్యుత్తు పుట్టి తిన్నగా దీపమునకు పోవును. దీనినే మాగ్నెటో అందురు. బావిలో చేద వేసి తోడుకొనుట వంటిదిది. గిలక తిరిగినంతసేపే నీళ్లు. చేయి నిదానించిన ధార సన్నగిల్లును. బండి వేగముగా పోవునపుడు దీపము బాగుగనే వెలుగును. గోతులున్నచోట, ఘాటు మలుపులయందు, పశువులు అడ్డము వచ్చినచోట బండి నెమ్మదించును, దీపమును గ్రుడ్డిదగును. చూపు మిక్కిలి కావలసిన తావుననే వెలుతురు తగ్గును. ఆ కాలపు స్కూటర్లు పెక్కింటికి ఇదే యేర్పాటు గనుక దీనిని ఒక్క బండి లోపమనరాదు.

మావారు మొదట అదే తీగకు ఇంకొక దీపము తగిలింపుమనిరి. మా వీధి మెకానిక్కు నవ్వి, "సార్, ఒక చెంబు నీళ్లను రెండు చెంబుల్లో పోస్తే రెండూ సగమే కదా! ఉన్న దీపం కూడా మసకబారుతుంది," అనెను. పెద్దదీపమున నున్నది 25 వాట్ల బల్బు. ఆ మాగ్నెటోకు అంతకుమించి పంచిపెట్టు శక్తి అంతగా లేదు. ఇంగ్లండులో 1960 దరిదాపుల 'మాడ్'లనబడు పడుచువారు వెస్పా, లాంబ్రెట్టా బండ్ల ముందర వరుసలుగా దీపములను, అద్దములను అమర్చుకొని సముద్రతీరపు ఊళ్లకు పోయెడివారు. 1964లో బ్రైటన్ తీరమున వారికిని, తోలుకోట్ల మోటారుసైకిలు కుఱ్ఱవాండ్రకును జరిగిన కొట్లాటలు పత్రికలకెక్కినవి. అన్ని దీపములను మాగ్నెటో ఒక్కటే మోయవలసివచ్చిన, అవి మిణుగురులను మించి వెలుగజాలవు. వారివి చాలవఱకు సింగారపు దీపములు. మాకు సింగారముతో పనిలేదు.

కావున బావితో సంబంధము లేని నీళ్లకాగును వెంట గొంపోవుటయే మేలని తేలినది. ఆ కాగే బ్యాటరీ. 12 ఓల్టులు, 7 ఆంపియర్-అవర్లు కలిగి, మూత వేసి బిగించినది. రెండు కిలోలకు పైబడిన బరువు. ఇంజను బండికి కుడిప్రక్క నుండుటచే, ఎడమప్రక్క డిక్కీలో దీనిని పెట్టుట త్రాసునకు పాసంగము కట్టినట్లయినది. కుదుపులకు కదలకుండ పాత సైకిలు ట్యూబుతో బిగించిరి. దీపములు పదేసి వాట్ల ఎల్.ఇ.డి.లు రెండు. బ్యాటరీలోని సరకు 84 వాట్-అవర్లు, దీపముల ఖర్చు గంటకు 20. లెక్కకు నాలుగు గంటలు వచ్చును. అయినను ఇట్టి బ్యాటరీని అడుగంట వాడిన త్వరలో చెడును. రెండు గంటలే మనవని ఎంచుకొనవలయును.

మాగ్నెటోలో పుట్టు విద్యుత్తు ఉయ్యాలవలె అటునిటు ఊగునది. బ్యాటరీకి కావలసినది ఒకే దిక్కున పాఱునది. నడుమ రెక్టిఫయరు లేక రెంటిని కలుపరాదు. కలిపినను ఈ పాత బండి తన దీపమును వెలిగించుకొని బ్యాటరీని గూడ నింపజాలదు. అందుచే మెకానిక్కు రెండు తీగలను వేఱుగ లాగి, పాత తీగలతో పొత్తు లేకుండ చేసెను. బ్యాటరీ కొసనే 3 ఆంపియర్ల ఫ్యూజు నుంచెను. తీగ ఇనుమునకు ఒరసి తొక్క పోయినచో, ఫ్యూజు లేనియెడల నిప్పు పుట్టును; పెట్రోలు టాంకి దగ్గఱనే యున్నది. ఇంటియజమానులు ఎంత తొందరపెట్టినను, ఈ ఫ్యూజును మాత్రము సోదరీమణులు స్వయముగ అడిగి చూచుకొనవలయును. దీపముల మొగములను నేలవైపునకు వంచితిమి. ఎదుటివాని కన్నులు చెదరగొట్టి మనము దారి చూచుకొనుట న్యాయము కాదు.

ఇట్లు సిద్ధపడి పోయిన కార్తికమున బయలుదేరితిమి. దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుని కోవెల విశాలమైనది. విజయనగర శిల్పుల మండపములు, కృష్ణదేవరాయల జయస్తంభము అచటనే కలవు. తాళ్లపాక అన్నమాచార్యులకు శాస్త్రోపదేశము చేసిన ఆదివన్ శఠకోపయతి పీఠమును ఈ క్షేత్రముదే. ఎగువ సన్నిధికి అడవిలో ఎనిమిది కిలోమీటర్లు ఘాటురోడ్డు. అచట భవనాశి కొండల సందున పాఱుచుండును. స్వామి గుహలో ఉగ్రరూపుడై యున్నాడు. పగటివేళను సైతము ఆ గుహలో నూనెదీపపు వెలుగే కన్నులకు ఆధారము. ఆ చిన్న వెలుగున ఆ రూపమును చూచి కదలలేకపోతిమి. మావారు రెండుసార్లు పిలువవలసివచ్చెను.

దిగునప్పటికి సరిగా సంధ్య. పగలును రాత్రియు గాని ఆ వేళనే స్వామి వెలసెనని పురాణము. భక్తికది తగిన సమయమే గాని స్కూటరునకు తగినది కాదు. తొలి మలుపుననే ఇంజను నిదానించి పెద్దదీపము నారింజవన్నెకు దిగెను. మావారు స్విచ్చి నొక్కిరి. తెల్లని వెలుగు చాప పఱచినట్లు రోడ్డుమీద పడెను. ఇంజను తగ్గినను హెచ్చినను అది మాఱలేదు. అంచుననున్న రాళ్లు, గుంటలు, చెట్టుమొదట కూర్చున్న కోతులమంద అన్నియు కానవచ్చినవి. అంతవఱకు మావారి భుజమును గట్టిగ పట్టుకొనియున్న చేయి వదులైనది.

ఆళ్లగడ్డ దారిలో వరిగడ్డి బండి యొకటి, వెనుక దీపముగాని ఎఱ్ఱగుడ్డగాని లేకుండ, మాకు ముందు పోవుచుండెను. గడ్డిమోపు చీకటితో కలిసిపోయియుండెను. మా దీపములు చాల దూరముననే దానిని పట్టి చూపెను. ప్రక్కకు తప్పుకొని, బండివానిని పలుకరించి, మావారు డిక్కీలోనుండి మెఱయు ఎఱ్ఱకాగితపు ముక్క తీసి వెనుక కఱ్ఱకు అంటించిరి. "ఎంతయితుంది సామీ?" అని అతడు మొలలో చేయి పెట్టెను. ఏమియు వలదంటిమి.

ఆళ్లగడ్డలో దీపములను ఆర్పితిమి. అచటినుండి జాతీయ రహదారి. ఆ వేగమునకు బండి సొంతదీపమే సరిపోయెను. తొమ్మిది కాకమునుపే ఇల్లు చేరితిమి. మఱునాడు మెకానిక్కు మీటరు పెట్టి చూడగా బ్యాటరీలో 12.4 ఓల్టులు మిగిలియుండెను. నాలుగింట మూడుపాళ్లకు కొంచెము తక్కువ. వాడినను వాడకున్నను నెలకొకసారి నింపుచుండుమని అతడు చెప్పెను. ఆ రాత్రియే వంటయింటి గూటిలో ఛార్జరుకు తగిలించితిమి. మాఘమున యాగంటి పోవలయునని మావారి తలంపు.