మేరీకి అంత కోపమెందుకు?

“నీకు బాగా నచ్చిన పాత్ర ఏది?” అని మీ స్నేహితుల్ని అడిగి చూడండి. పాత్ర పేరు చెప్పరు. నటుడి పేరు చెబుతారు. “ఇంకెవరు? ఎన్టీఆర్!” అంటాడొకడు. “కమల్ హాసన్ తర్వాతే ఎవరైనా” అంటాడింకొకడు. “బాబూ, నేనడిగింది నీ అభిమాన నటుణ్ణి గురించి కాదు. కథలో పుట్టి కథలోనే బతికే మనుషుల్లో నీకు బాగా కావలసినవాళ్ళెవరు?” అని మళ్ళీ అడగండి. అప్పుడు బుర్ర గోక్కుంటాడు. కాసేపాగి ఒక పేరు చెబుతాడు. ఆ పేరు మాత్రం అబద్ధం కాదు!

ఈ ప్రశ్న అడగడం నాకో సరదా. ఎన్నో ఏళ్ళుగా అడుగుతూనే వున్నాను. జవాబులు విన్నకొద్దీ నాకొకటి తోచింది. మనకి మంచివాళ్ళే నచ్చుతారనుకోవడం వట్టి భ్రమ! మనకి కరువైనదేదో ఎవరి దగ్గర పుష్కలంగా వుంటుందో, వాళ్ళు నచ్చుతారు.

మా వీధి చివర ఒక లెక్కల మేష్టారుండేవారు. గట్టిగా మాట్లాడితే ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనని కూరలవాడితో కూడా బేరమాడని మనిషి. ఆయనకి నచ్చిన పాత్ర ఏమిటో తెలుసా? ‘ముత్యాలముగ్గు’ (1975)లో రావు గోపాలరావు వేసిన కాంట్రాక్టరు! పొద్దున్నే సూర్యోదయం చూసి మురిసిపోతూ, తాపీగా మాట్లాడుతూనే పచ్చని కాపురాన్ని కూల్చే ఆ దుర్మార్గుణ్ణి తలుచుకుంటే మేష్టారి ముఖం వెలిగిపోయేది. నా స్నేహితుడొకడికి ‘సాగరసంగమం’ (1983)లో బాలు అంటే ప్రాణం. మావాడు చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాడు. తర్వాత బ్యాంకులో చేరాడు. మృదంగం అటక మీద చేరింది. అంత విద్య వుండీ పెద్ద వేదిక ఎక్కలేకపోయిన బాలు వాడికెందుకు నచ్చాడో నేనెప్పుడూ అడగలేదు. కొన్ని అడక్కుండానే తెలుస్తాయి.

ఇక మా అక్క సంగతి. అక్కకి నచ్చిన పాత్ర ‘మిస్సమ్మ’లో మేరీ. అక్క పుణ్యమా అని నాకూ మేరీయే.

1955 జనవరిలో విడుదలైన విజయావారి ‘మిస్సమ్మ’ని మీలో చాలామంది టీవీలోనో, ఫోన్లోనో చూసేవుంటారు. ‘మహానటి’ (2018) చూశాక సావిత్రి పాత సినిమాలు వెతుక్కుని మరీ చూసిన కుర్రకారు నాకు తెలుసు. చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను.

మేరీ చదువుకున్న పిల్ల. తండ్రి పాల్ అప్పులో వున్నాడు. ఆ అప్పిచ్చిన డేవిడ్ (రమణారెడ్డి) పిల్లనిచ్చి పెళ్ళి చెయ్యమని పీకల మీద కూచున్నాడు. అప్పు తీర్చాలంటే ఉద్యోగం కావాలి. అటుపక్క ఎమ్.టి. రావు (ఎన్.టి. రామారావు) కూడా నిరుద్యోగే. పేరుకి తగ్గట్టే జేబు ఎమ్టీ! అప్పాపురం జమీందారు గోపాలం (ఎస్.వి. రంగారావు) తన బడికి పట్టభద్రులైన భార్యాభర్తలు పంతుళ్ళుగా కావాలని ప్రకటన ఇస్తాడు. పెళ్ళి కాని ఈ ఇద్దరూ మొగుడూ పెళ్ళాలమని చెప్పి ఆ ఉద్యోగాల్లో చేరతారు. ఆ తర్వాత జరిగే గందరగోళమే సినిమా. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, చక్రపాణి కథ, పింగళి నాగేంద్రరావు మాటలూ పాటలూ, సాలూరు రాజేశ్వరరావు సంగీతం... ఇవన్నీ పెద్దలు చాలాసార్లు చెప్పుకున్నవే. వాటి జోలికి నేను పోను. నాకు కావలసింది మేరీ కోపం.

అవును, కోపమే! ఈసారి సినిమా చూసేటప్పుడు గమనించండి. మేరీ సినిమాలో చాలాసేపు కోపంగానే వుంటుంది. రావుని చూస్తే కోపం. అతను సరదాకన్న మాటకి కోపం. జమీందారు దంపతులు ఆప్యాయంగా పలకరిస్తే ఇంకా కోపం. ఆనాటి కథానాయికకి ఇదంత మామూలు గుణం కాదు. దానికి రెండేళ్ళ ముందు ఇదే సావిత్రి ‘దేవదాసు’ (1953)లో పార్వతిగా మనచేత కన్నీళ్ళు పెట్టించింది. పార్వతికి కష్టమొస్తే మనం ఏడుస్తాం. మేరీకి కష్టమొస్తే నవ్వుతాం! ఎందుకంటే మేరీ ఏడ్చే మనిషి కాదు, విరుచుకుపడే మనిషి. పెదవి బిగించి, మెడ ఒక్క విసురు విసిరి, చూపుతోనే ఎదుటివాణ్ణి గుమ్మం దాటించేస్తుంది. అంత విసుక్కుంటున్నా ఆమె మీద మనకి మాత్రం విసుగు రాదు. అదీ సావిత్రి గొప్పతనం.

మొదట్లో మేరీ వేషానికి భానుమతిని అనుకున్నారనీ, కొంత చిత్రీకరణ కూడా జరిగాక ఆవిడ తప్పుకున్నారనీ సినిమా చరిత్ర తెలిసినవాళ్ళందరికీ తెలుసు. సీత వేషం వెయ్యవలసిన సావిత్రి మేరీ అయింది, సీత వేషం జమునకి దక్కింది. భానుమతి చేసివుంటే ఆ పొగరు ఇంకో అందంగా వుండేదేమో! సావిత్రి చేతిలో పడ్డాక ఆ కోపంలో కాస్త బెదురు, కాస్త ఒంటరితనం కూడా కలిశాయి. పరాయి ఊళ్ళో, పరాయి ఇంట్లో, అబద్ధం మీద బతుకుతున్న ఆడపిల్ల కోపం అది.

ఇంతకీ మేరీకి అంత కోపమెందుకు? రావు అల్లరివాడనా? మతం వేరనా? అవీ వున్నాయి. కానీ మా అక్క చెప్పిన కారణం వేరు. అది చెప్పాలంటే కాస్త మా ఇంటి కథ కూడా చెప్పాలి.

ఆ రోజుల్లో పాత చిత్రాలు తగ్గింపు ధరల్లో మార్నింగ్ షోలు వేసేవాళ్ళు. 1977లో మా ఊళ్ళో ‘మిస్సమ్మ’ అలాగే మళ్ళీ వచ్చింది. అక్క బి.ఏ. ఆఖరి సంవత్సరం, నేను తొమ్మిదో క్లాసు. ఆడపిల్ల ఒంటరిగా సినిమాకి వెళ్ళకూడదు కనక తోడు నేను. ఆడవాళ్ళ బెంచీల్లోకి నన్ను రానివ్వరు కనక అక్క అటు, నేనిటు. ఆడింది వారం రోజులు, మేం చూసింది నాలుగుసార్లు. ఒకసారి నాన్నగారూ వచ్చారు. మేరీ రావుని దులిపేసినప్పుడల్లా ఆయన పడీపడీ నవ్వారు. “ఏం నటన! ఏం నటన!” అని దారిపొడుగునా సావిత్రిని మెచ్చుకుంటూనే వున్నారు.

మరుసటేడు అక్క బి.ఏ. ప్యాసయింది. పక్క టౌన్లో ఒక బళ్ళో టీచరుద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకి రమ్మన్నారు, వెళ్ళింది. ఉద్యోగమిస్తున్నాం, ఫలానా తారీకున వచ్చి చేరమని ఉత్తరం కూడా వచ్చింది. నాన్నగారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, అమ్మ చేతికిచ్చారు. “ఆడపిల్ల సంపాదన తినే గతి మనకింకా పట్టలేదు. పెళ్ళయ్యాక వాళ్ళాయన చెయ్యమంటే చేస్తుంది” అన్నారు. ఆయన దుర్మార్గుడు కాదు. మమ్మల్ని ఎంతో ప్రేమగా పెంచిన మనిషి. చిక్కంతా అక్కడే వుంది. ప్రేమగా ‘వద్దు’ అన్నవాళ్ళతో ఎలా పోట్లాడతాం?

అక్క పోట్లాడింది. మూడు రోజులు అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు గట్టిగానే అడిగింది. అప్పుడు మా ఇంటిల్లిపాదీ, వచ్చిన చుట్టాలతో సహా, అన్నమాట ఒక్కటే: “పొగరు!” తెర మీద సావిత్రి కోపానికి చప్పట్లు కొట్టిన మావాళ్ళే ఇంట్లో అక్క కోపానికి ఆ పేరు పెట్టారు. ఆ రాత్రి అక్క డాబా మీద కూచుని నాతో అన్నమాట నాకిప్పటికీ గుర్తుంది.

“మేరీ అదృష్టవంతురాలురా! వాళ్ళ నాన్నకి అప్పుంది.”

నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు. ఆ మాట నాకు అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. అప్పుంది కనక మేరీ బయటికి రాగలిగింది. ఇంట్లో జరుగుబాటు వుంటే, చదువుకున్న ఆడపిల్లకి ఉద్యోగమెందుకని అడిగే కాలం అది. అవసరమైతేనే అనుమతి. ఇష్టం ఒక కారణమే కాదు!

మేరీ కోపానికి అక్క చెప్పిన కారణం కూడా ఇందులోంచి వచ్చిందే. “ఆ పిల్ల అడిగింది జీతం. వాళ్ళిచ్చేది అభిమానం” అనేది అక్క. నిజమే కదూ! మేరీ అప్పాపురం వెళ్ళింది పాఠాలు చెప్పి, నెల తిరిగేసరికి జీతం తీసుకుని, డేవిడ్ బాకీ తీర్చెయ్యడానికి. అక్కడ ఆమెని పంతులమ్మగా మాత్రం ఎవరూ వుంచరు. జమీందారు దంపతులు కూతురంటారు. రావు సరదాకి భార్యని చెయ్యబోతాడు. తప్పిపోయిన మహాలక్ష్మి కోసం వెతుకుతున్న డిటెక్టివ్ రాజు (అక్కినేని) పాదం మీద పుట్టుమచ్చ కనబడుతుందా అని ఆమె కాళ్ళకేసి చూస్తూ తిరుగుతాడు! అందరూ మంచివాళ్ళే. అందరూ తలో చుట్టరికం తెచ్చి నెత్తిన పెట్టేవాళ్ళే. ఊపిరాడనివ్వని మంచితనం మీద కోపం అది. చెడ్డవాడైన డేవిడ్‌ని కసిరికొడితే ఎవరూ ఏమీ అనరు. మంచివాళ్ళ మీద కోప్పడ్డానికి గుండె ధైర్యం కావాలి.

సావిత్రికి 1955లోనే ఇంకో గొప్ప పాత్ర దొరికింది. ‘కన్యాశుల్కం’లో మధురవాణి. మధురవాణి తెలివితో నెగ్గుకొస్తుంది, నవ్వుతూనే అందర్నీ ఆడిస్తుంది. చదువుకున్నవాళ్ళు ఎక్కువగా మెచ్చుకునేది ఆమెనే. కానీ అక్క అనేది, “మధురవాణి అంత తెలివి మనకెక్కణ్ణించి వస్తుంది? కోపం అయితే అందరి దగ్గరా వుంటుంది” అని. నచ్చిన పాత్రకీ గొప్ప పాత్రకీ తేడా అదేనేమో! గొప్ప పాత్రకి దణ్ణం పెడతాం. నచ్చిన పాత్ర పక్కన కూచుంటాం.

ఇక ముగింపు. జమీందారు నడిపే బడి, తప్పిపోయిన పెద్ద కూతురు మహాలక్ష్మి పేరు మీద పెట్టిన బడే. ఆ మహాలక్ష్మే మేరీ అని చివర్లో బయటపడుతుంది. అంటే తన పేరున్న బళ్ళోనే తను జీతానికి చేరిందన్నమాట! చక్రపాణిగారి చమత్కారం చూడండి. అందరూ కలుస్తారు, మేరీ కోపం కరుగుతుంది, హాల్లో జనం హాయిగా లేచి ఇళ్ళకి వెళతారు. అక్క మాత్రం నాలుగుసార్లూ నన్ను అదే ప్రశ్న అడిగింది. “అంతా బావుంది సరే. ఇప్పుడు జమీందారు కూతురైపోయిందిగా, ఇంక ఉద్యోగం చెయ్యనిస్తారంటావా?”

సినిమా జవాబు చెప్పదు. చెప్పవలసిన అవసరం ఆ కథకి లేదు కూడా. అది నవ్వించడానికి పుట్టిన కథ, ఇన్నేళ్ళ తర్వాత కూడా నవ్విస్తూనే వుంది. అయినా ఒక పాత్రని నిజంగా ప్రేమించినవాళ్ళు ‘శుభం’ పడగానే లేచి వెళ్ళిపోలేరు. ఆ మనిషి మర్నాడు పొద్దున్న ఏం చేస్తుందో అని ఆలోచిస్తారు. మేరీ మర్నాడు బడికి వెళ్ళిందా? నల్లబల్ల ముందు నిలబడిందా? అక్క కోసమైనా వెళ్ళిందనే అనుకుంటాను.

అక్క పెళ్ళి 1979లో జరిగింది. బావ చెయ్యమనలేదు, వద్దనీ అనలేదు. అక్క ఇంట్లోనే ట్యూషన్లు మొదలెట్టింది. ముందు నలుగురు పిల్లలు, తర్వాత అరుగు పట్టనంతమంది. అది ఆ ఉత్తరంలోని ఉద్యోగానికి సాటి కాదని అక్కకి తెలుసు. ఎవరైనా “ఏదైతేనేం, నువ్వు కోరుకున్నదే దొరికిందిగా” అంటే ఇప్పటికీ మేరీలాగే మెడ విసురుతుంది.

మొన్నీమధ్య అక్క మనవరాలు ఫోన్లో ‘మిస్సమ్మ’ చూసింది. ఇంజనీరింగ్ అయి, హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. “అమ్మమ్మా, ఈవిడకి అస్తమానం అంత కోపమేంటి? వాళ్ళంత బాగా చూసుకుంటుంటే!” అంది. అక్క తన పాతమాటే చెప్పింది. “ఆవిడ అడిగింది జీతమే. వాళ్ళిచ్చేది అభిమానం.” ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి పకపకా నవ్వింది. “మా ఆఫీసూ అంతే అమ్మమ్మా! జీతం పెంచమంటే, మనమంతా ఒక ఫ్యామిలీ అంటారు!”

చూశారా! నాకు కొన్నేళ్ళు పట్టిన సంగతి ఆ పిల్లకి నిమిషంలో బోధపడింది. ఆ పిల్లకి ఉద్యోగం చెయ్యడానికి నాన్న అప్పుపడవలసిన అవసరం రాలేదు. మేరీతో పని మాత్రం ఇంకా తీరలేదు.

అందుకే మళ్ళీ అడుగుతున్నాను. మీకు బాగా నచ్చిన పాత్ర ఏది? నటుడి పేరొద్దు, పాత్ర పేరు చెప్పండి. మీది చెప్పాక మీ ఇంట్లో అమ్మనీ, అక్కనీ, అమ్మమ్మనీ కూడా అడగండి. వాళ్ళు తడుముకోకుండా ఒక పేరు చెబితే, “ఎందుకు?” అని ఇంకొక్క ప్రశ్న వెయ్యండి. అటక మీద మృదంగమో, మడిచి పెట్టిన ఉత్తరమో, ఏదో ఒకటి బయటపడుతుంది. కాస్త తీరిగ్గా కూచుని వినండి, సినిమా చూసినంత సేపూ!