సీటు ఒకరిది, ఖర్చు ఎవరిది?

మెడిసిన్ చదివే పిల్లల త్యాగాల గురించి మనవైపు మాట్లాడుకోని ఇల్లుండదు. సంక్రాంతికి ఊరు రాలేదు, అక్క పెళ్లికి ఒక్క పూట ఉండి వెళ్లిపోయాడు, మెస్సులో ఏది పెడితే అది తిన్నాడు. అన్నీ నిజాలే, తక్కువ చేయనక్కర్లేదు. కాకపోతే డబ్బు లెక్కలో వాటి బరువెంతో కూడా చూడాలి. ఒక విద్యార్థి ఒళ్లు దగ్గర పెట్టుకుని నెలకు మూడు వేలు మిగిల్చాడనుకుందాం. నాలుగున్నరేళ్లకు, అంటే 54 నెలలకు, అది 1,62,000 రూపాయలు. 2023లో ఖరారైన రేట్ల ప్రకారం ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు వైద్య కళాశాలల్లో బి కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా, ఫీజు ఏడాదికి 13.2 లక్షలు. నాలుగున్నరేళ్లకు 59 లక్షల పైమాటే. బిర్యానీలూ సినిమాలూ మానుకుని మిగిల్చింది అందులో మూడు శాతం కూడా కాదు. అసలు త్యాగం ఆ పిల్లవాడు తెల్లకోటు వేసుకోకముందే జరిగిపోతుంది. అది జరిగేది అతని పేరు మీద కాదు, ఇంట్లో మిగతావాళ్ల పేరు మీద. అందుకే మెడిసిన్ చదువులో డబ్బుకు సంబంధించి తేల్చుకోవాల్సింది ఏం మానుకోవాలన్నది కాదు, ఎవరిది ఖర్చు పెడుతున్నామన్నది. తిరిగి సంపాదించుకోగలిగినవాళ్ల మీద ఎంత భారమైనా వేయవచ్చు. సంపాదించుకోలేనివాళ్ల మీద వేయకూడదు. నా వాదనంతా ఇంతే.

ముందు ధర సంగతి. చినఆవుటపల్లిలోనో చినకాకానిలోనో ఉన్న ప్రైవేటు వైద్య కళాశాలలో, ఒకే తరగతి గదిలో, ఒకే శవం ముందు నిలబడి అనాటమీ నేర్చుకునే ఇద్దరు పిల్లల్లో, ఆ 2023 రేట్ల ప్రకారం, కన్వీనర్ కోటా వాడు ఏడాదికి 16,500 కడతాడు, పక్కనున్నవాడు 13.2 లక్షలు కడతాడు. దాదాపు ఎనభై రెట్లు. విజయవాడకు ఇది కొత్త కథేం కాదు. సిద్ధార్థ మెడికల్ కాలేజీ 1980లో ప్రైవేటుగానే మొదలై తరువాత ప్రభుత్వం చేతికి వచ్చింది. డొనేషన్లను నిషేధిస్తూ రాష్ట్రం 1983లో చట్టం చేసింది. ఫ్రీ సీటు, పేమెంట్ సీటు అన్న విభజన 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పుతో స్థిరపడింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. బల్ల కింద ఇచ్చే డబ్బు క్రమంగా బల్ల మీదికి, అక్కడినుంచి జీవోల్లోకి ఎక్కింది. 2023లో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచినప్పుడు అందులోనూ బి కేటగిరీకి 12 లక్షలు, ఎన్నారై కోటాకు 20 లక్షలు అని రేటు కట్టారు. సర్కారు కాలేజీ బోర్డు చూసి లోపలికెళ్లినవాడికి కూడా కోటాను బట్టి బిల్లు మారుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు ‘మా వాడు మెడిసిన్ చదువుతున్నాడు’ అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు ఆర్థిక జీవితాలు దాగి ఉన్నట్టే.

అప్పు తీసుకుంటే సరిపోతుందిగా, వాడే తీర్చుకుంటాడు అని మొదటి అభ్యంతరం. నా సూత్రానికి దగ్గరగా ఉన్న మాటే కాబట్టి దీన్ని జాగ్రత్తగా లెక్కేద్దాం. 59 లక్షల్లో 40 లక్షలు విద్యారుణం, ఏటా 8 లక్షల చొప్పున అయిదు విడతలు, పది శాతం వడ్డీ. హౌస్ సర్జన్సీతో కలిపి అయిదున్నరేళ్లు, ఆపై ఒక ఏడాది గడువు, ఆ కాలమంతా బారువడ్డీ అనుకున్నా 18 లక్షలు అవుతుంది. కిస్తీలు మొదలయ్యేనాటికి బాకీ 58 లక్షలు. పదిహేనేళ్ల వాయిదాల మీద నెలకు దాదాపు 62 వేలు. ఎంబీబీఎస్ మీద మనవైపు దొరికే తొలి ఉద్యోగాల జీతం అటూ ఇటుగా అంతే. పీజీకి వెళితే మరో మూడేళ్లు స్టైపెండుతో సరి. వడ్డీ మీద పన్ను మినహాయింపు ఉంది కదా అంటారు. అది పాత పన్ను విధానంలోనే, అదీ ఎనిమిదేళ్లే. పైగా రుణం ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా బ్యాంకు ఆస్తి తాకట్టు అడుగుతుంది. అంటే అప్పు కొడుకు పేరునే ఉన్నా దస్తావేజు తండ్రిదే. తిప్పి తిప్పి చివరికి పొలం గట్టు మీదికే వచ్చాం.

అలాంటప్పుడు పొలం అమ్మేయడమే నయం అంటాడు లెక్కలు తెలిసినవాడు. ఆ వాదనలో పస ఉంది, దాటవేయకూడదు. ఎకరం 60 లక్షలు పలికే చోట సార్వాకు కౌలు పదిహేను బస్తాలు అనుకోండి. 75 కిలోల బస్తా, 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369. కౌలు విలువ 27 వేల లోపు. దాళ్వాకో మినుముకో ఇంకో 20 వేలు కలిపినా ఆ భూమి మీద రాబడి ఏడాదికి ఒక్క శాతం కూడా లేదు. ఒక్క శాతం ఇచ్చే ఆస్తిని ఉంచుకుని పది శాతానికి అప్పు చేయడం తెలివితక్కువ పనే, భూమి ధర ఏటా తొమ్మిది శాతం పైన పెరుగుతూ పోతే తప్ప. పెరగదా అంటే, బెజవాడ చుట్టుపక్కల భూమి ధర పంటను చూసి కాక ప్రభుత్వాలను చూసి నడుస్తుంది. 2014లో రాజధాని ప్రకటన రాగానే ఎగిరింది, 2019 చివర మూడు రాజధానుల మాట రాగానే చతికిలపడింది. దాన్ని నమ్ముకుని లెక్క వేయలేం. కాబట్టి అంకెల వరకే చూస్తే అమ్మడమే నెగ్గుతుంది. అయినా నేను ఒప్పుకోను. డెల్టా రైతుకు భూమి పెట్టుబడి మాత్రమే కాదు, అదే పెన్షను. ఉద్యోగస్తుడికి రిటైరయ్యాక నెల నెలా వచ్చే డబ్బుకు బదులు ఇతనికి కౌలు బస్తాలు వస్తాయి. అరవై ఏళ్లు దగ్గరపడ్డ మనిషి ఆ ఎకరం అమ్మాక మళ్లీ కొనలేడు, ఇరవై నాలుగేళ్ల డాక్టరు మాత్రం అప్పు తీర్చగలడు, ఆలస్యంగానైనా. ఒక్క శాతం, పది శాతం అన్న పోలికలో ఈ వయసు తేడా కనిపించదు. తల్లిదండ్రుల వృద్ధాప్యానికి సరిపడా భూమిని పక్కన పెట్టి, ఆపైన ఉన్నది అమ్ముతామంటే నాకు అభ్యంతరం లేదు. అయిదెకరాల్లో ఒకటి వేరు, ఎకరంన్నరలో ఒకటి వేరు.

ఇంకో వాటా కూడా ఉంది, దాన్ని మనం మర్యాదగా మరిచిపోతుంటాం. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గానీ రాలేదు. అంత ముందుగా చట్టం తెచ్చుకున్న నేల మీద, తాతల నాటి పొలం అమ్మి అబ్బాయికి బి కేటగిరీ సీటు కొన్నప్పుడు అందులో అమ్మాయి డబ్బు కూడా ఉందన్న మాట ఎక్కడైనా వినిపిస్తుందా? సంతకానికి పిలిచినప్పుడు వినిపిస్తుంది, అదీ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో. సీటు అమ్మాయిదీ పొలం అందరిదీ అయితే అప్పుడు ఇదే మాట తమ్ముడి తరఫున అడగాలి. ఇంటి ఉమ్మడి డబ్బుతో ఒకరి చదువు కొంటే అది అడ్వాన్సు, కానుక కాదు. దాన్ని కాగితం మీద రాసుకుని, డాక్టరయ్యాక ఎంతకాలంలో ఎవరికి ఎంత సర్దాలో ముందే తేల్చుకుంటే తప్పేంటి? అన్నదమ్ముల మధ్య కాగితాలేంటి అంటారు. కాగితం లేకపోవడం వల్లనే మన సివిల్ కోర్టులు కిటకిటలాడుతున్నాయి.

మరి పొలమూ వద్దు, పెద్ద అప్పూ వద్దంటే చదువు మానుకోమనా? కాదు, ధర తగ్గించుకోమని. ధర తగ్గించే మార్గం మనవాళ్లకు బాగా తెలిసిందే, లాంగ్‌టర్మ్, అంటే ఏడాది కోచింగ్ తీసుకుని ప్రవేశ పరీక్ష మళ్లీ రాయడం. ఒక ఏడాది వృథా అవుతుందన్నది దాని మీద ఉన్న ఫిర్యాదు. ఏడాది పోతే పోయేది తొలి జీతం కాదు, కెరీర్ చివరి ఏడాది సంపాదన. ఆ ఏడాది నేటి రూపాయల్లో 40 లక్షలు వస్తుందనుకున్నా, ముప్పై అయిదేళ్ల తరవాతి డబ్బును ఏటా నాలుగు శాతం తగ్గించి చూస్తే నేటి విలువ పది లక్షలే. కోచింగ్, హాస్టల్ కలిపి రెండు లక్షలు వేసుకుంటే మొత్తం పన్నెండు. కన్వీనర్ సీటు వస్తే మిగిలేది 58 లక్షల పైన. అంటే అయిదింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువ అవకాశం ఉన్నా ఆ ఏడాది గిట్టుబాటే. కొద్ది మార్కుల్లో సీటు తప్పినవాడికి ఆ అవకాశం ఉంటుంది. దూరంగా ఆగిపోయినవాడికి ఉండదు, వాడిని మూడోసారి, నాలుగోసారి కూర్చోబెట్టడం లెక్క కాదు, మొండితనం. అంకెల్లోకి రాని ఖర్చు కూడా ఇక్కడే ఉంది. కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై 2017లో ప్రభుత్వం చక్రపాణి కమిటీని వేయాల్సి వచ్చిన రాష్ట్రం మనది. పిల్లవాడు ఇక చాలు అన్నాడంటే నా పన్నెండు లక్షల లెక్కను చించి పారేయండి. గన్నవరంలోనే పశువైద్య కళాశాల ఉంది, బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. డెల్టాలో గేదెకూ వరికీ కూడా డాక్టర్లు కావాలి.

ఇంకా కొన్ని అభ్యంతరాలున్నాయి. విజయవాడ సూర్యారావుపేటలో సొంత నర్సింగ్‌హోమ్ ఉన్న ఇంటికి ఈ లెక్క వర్తించదు, నిజమే. వాళ్లకు 59 లక్షలు చదువు ఖర్చు కాదు, వ్యాపారాన్ని తరవాతి తరానికి అప్పగించే ఖర్చు. వాళ్లను చూసి పక్కింటివాళ్లు కొనడమే చిక్కు. విదేశాల్లో చవక అంటారు. ఫీజు చవకే, కానీ తిరిగొచ్చాక రాయాల్సిన అర్హత పరీక్షలో గట్టెక్కేవాళ్లు తక్కువ, 2022లో ఉక్రెయిన్ నుంచి పిల్లలు సగం చదువుతో ఎలా వచ్చారో మనం చూశాం. ఇక పైకి అనకుండా లోపల వేసుకునే లెక్క, డాక్టరు కొడుక్కి కట్నం బాగా వస్తుందన్నది. 1961 నుంచీ నేరమైన దాన్ని పెట్టుబడి ప్రణాళికలో ఆదాయం కింద రాసుకోవడం ఎంత దిగజారుడో చెప్పనక్కర్లేదు. డబ్బు లెక్కగా కూడా అది నిలవదు. ఆ కట్నం కోసం అవతల మరో ఇల్లు మరో ఎకరం అమ్మాలి. ఒక ఇంటి గొయ్యి పూడ్చడానికి ఇంకో ఇంట్లో గొయ్యి తవ్వడమే.

సీటు వచ్చాక, కాలేజీలో చేరాక కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. విద్యార్థి తనది తాను ఎంతైనా మానుకోవచ్చు, బండి, ఫోను, బట్టలు అన్నీ తరవాత వస్తాయి. కానీ పొదుపు పేరుతో నిద్ర, తిండి, పీజీ తయారీ మీద కత్తి పెట్టడం తప్పు. ఆస్పత్రికి నడిచి వెళ్లే దూరంలో గదికి రెండు వేలు ఎక్కువైనా రోజుకు రెండు గంటలు మిగిలితే ఆ గదే చవక. పీజీలో మంచి ర్యాంకు వస్తే మళ్లీ మేనేజ్‌మెంట్ సీటు కొనాల్సిన పని ఉండదు. మొదటి కొనుగోలుకు ఒక ఎకరం పోయిన ఇళ్లలో రెండోది పోయేది ఈ మలుపు దగ్గరే. అన్నిటికంటే ముందు తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ప్రీమియం ఆగకూడదు. కొడుకు ఫీజు కోసం దాన్ని ఆపిన ఇల్లు, కొడుకు నేర్చుకుంటున్న వైద్యాన్నే అప్పు చేసి కొనుక్కోవాల్సి వస్తుంది.

ఈసారి కౌన్సెలింగ్‌లో బి కేటగిరీ ఆప్షన్లు పెట్టే ముందు బీరువాలోంచి పాసుపుస్తకం బయటికి తీయండి. ఆ పొలం మీద ఎవరెవరికి హక్కుందో, ఎవరెవరు దాని మీద బతుకుతున్నారో ఒక కాగితం మీద రాసి, వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగండి. సీటు ఎవరికో ఆ ఒక్కరిని చివర అడగండి.