విప్పి బిగించే చేతులు

పాత కెమెరా బాగుందో లేదో కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. స్పీడు ఒక సెకను మీద పెట్టి, షట్టర్ లోడ్ చేసి, మీట నొక్కి వినాలి. బాగున్న కెమెరా అయితే లోపలి చిన్న చక్రాలు ఒకే శ్రుతిలో జుయ్యిమని తిరిగి, సెకను నిండగానే టక్కున ఆగుతాయి. ఏళ్ల తరబడి బీరువాలో పడున్నదైతే ఆ చప్పుడు మొదలై, మధ్యలో నీరసించి, ఈడ్చుకుంటూ పోతుంది. ఒక్కోసారి షట్టర్ రేకులు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోతాయి. లెన్సు మీద గీత ఉండదు, పైతోలు చెక్కుచెదరదు, అయినా ఫోటో రాదు.

ఇలాంటి కెమెరాలు మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. ఊళ్లో స్టూడియో నడిపిన పెదనాన్న వాడిన యాషికా, విదేశాల నుంచి వస్తూ ఎవరో తెచ్చిన నికాన్, పెళ్లిలో కానుకగా వచ్చిన పెంటాక్స్. పని చెయ్యడం లేదని అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించేసిన వాటిలో చాలా వాటికి అరిగిందీ విరిగిందీ ఏమీ లేదు. లోపలి జిడ్డు గట్టిపడింది, అంతే.

మెకానికల్ కెమెరాలో షట్టర్ అసలు ఒక చిన్న గడియారం. మ్యూనిక్‌లోని ఫ్రీడ్రిష్ డెకెల్ కంపెనీ 1912లో కంపూర్ షట్టర్ తెచ్చింది. అంతకుముందు వచ్చిన కాంపౌండ్ షట్టర్‌లో నెమ్మది స్పీడులన్నీ గాలి గొట్టంలో కదిలే పిస్టన్ మీద ఆధారపడేవి. కంపూర్‌లో ఆ పని పళ్లచక్రాల వరసకి అప్పగించారు. బిగించిన స్ప్రింగు ఒక్కసారిగా విడిపోకుండా ఆ చక్రాలు దాన్ని పట్టి పట్టి వదులుతాయి. తర్వాత వచ్చిన లీఫ్ (రేకుల) షట్టర్లు చాలావరకు ఆ దారినే నడిచాయి. 1970లో వచ్చిన యాషికా మాట్ 124జిలోని కోపల్ షట్టర్ కూడా అంతే. ఒక సెకను నుంచి సెకనులో 500వ వంతు దాకా ప్రతి స్పీడూ స్ప్రింగూ చక్రాలూ చూసుకునే పనే. అందులో బ్యాటరీ ఉన్నది లైట్ మీటరు కోసం మాత్రమే.

ఆ చక్రాల ఇరుసులకి ఫ్యాక్టరీలో వేసిన నూనె, దశాబ్దాలు గడిచేసరికి చలికాలంలో గిన్నెలో నెయ్యిలా పేరుకుంటుంది. నెయ్యి వెచ్చబెడితే కరుగుతుంది, ఇది కరగదు. మొత్తం విప్పి, కడిగి, కొత్తగా వెయ్యాల్సిందే. ఇక్కడే చాలామంది కుట్టుమిషన్ నూనె తెచ్చి ఒక చుక్క వేస్తారు. రెండు రోజులు షట్టర్ చక్కగా ఆడుతుంది. మూడోనాటికి ఆ నూనె పాకి రేకుల మధ్య చేరుతుంది. షట్టర్ రేకులు పొడిగా నడవాలి. ఎంతో పలచటి ఆ రేకులు తడిస్తే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు మెకానిక్‌కి పని రెట్టింపవుతుంది.

నా యాషికాని నేను ఇచ్చేది హైదరాబాద్ కోఠిలో, ఇరుకు మెట్లెక్కి వెళ్లే ఒక చిన్న గదిలో కూర్చునే పెద్దాయనకి. విప్పుతుంటే చూడనిస్తారు. బల్ల మీద తెల్లటి గుడ్డ పరుస్తారు, చిన్న స్క్రూ జారినా కనపడాలని. పక్కన ఫ్రిజ్‌లో వాడే ఐస్ ట్రే ఉంటుంది. ఏ వరసలో విప్పారో ఆ వరసలోనే స్క్రూలు దాని గళ్లలోకి వెళ్తాయి. ముందు పలక మీది తోలు అంచు కింద స్పిరిట్ అద్ది, పలచటి బ్లేడుతో ఆ తోలుని చిరగకుండా లేపుతారు. లోపలికి దారి చూపే స్క్రూలు దాని కిందే దాగి ఉంటాయి. జపాన్ స్క్రూల ప్లస్ గాడిలో మామూలు ఫిలిప్స్ డ్రైవరు సరిగ్గా కూర్చోదు, బలవంతం చేస్తే గాడి చెడుతుంది. జపాన్ కొలతలకు చేసిన డ్రైవర్లు ఆయన దగ్గర విడిగా ఉన్నాయి.

మొదటి స్క్రూ తియ్యకముందే ఆయన భూతద్దం పెట్టి చూసి అన్నారు: "చూశారా సార్, ఒక్క స్క్రూ తల కూడా చెడలేదు. నాకంటే ముందు దీన్ని విప్పినాయన పనిమంతుడు."

ఆ ముందాయన ఎవరో మాకు తెలియదు. ఏ ఊరివాడో, ఎప్పుడు విప్పాడో తెలియదు. కాని ఆయన జాగ్రత్త ఆ ఇత్తడి తలల మీద అలాగే ఉంది. కెమెరా సర్వీసింగ్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. ఒకరి తర్వాత ఒకరుగా విప్పేవాళ్లు, ఒకరినొకరు చూడకుండానే, ఒకరి పనిని ఒకరు చదువుకుంటారు.

లెన్సు తీశాక షట్టర్‌ని లైటర్ పెట్రోలుతో కడుగుతారు. నెమ్మది స్పీడుల చక్రాల వరసని విడిగా ఊడదీసి, నానబెట్టి, ఆరబెడతారు. తర్వాత సూది మొనతో ఇరుసు దగ్గర మాత్రం, కంటికి ఆనీ ఆననంత నూనె. మళ్లీ బిగించి టెస్టర్ మీద పెడతారు. ఒక పక్క దీపం, ఇంకో పక్క ఆ వెలుగుని పసిగట్టే సెన్సర్, మధ్యలో షట్టర్. 500వ వంతు స్పీడు అంటే రెండు మిల్లీసెకన్లు. అక్కడ మూడు వచ్చిందంటే ఫిల్ము మీద అర స్టాపుకి పైగా వెలుగు ఎక్కువ పడినట్టే. నలుపు తెలుపు నెగెటివ్ ఆ తప్పు కాసుకుంటుంది గాని స్లయిడ్ ఫిల్ము క్షమించదు. స్ప్రింగు వయసుని బట్టి పై స్పీడు పూర్తిగా అందకపోతే ఆయన దాచరు. ప్రతి స్పీడుకి అసలు ఎంత వస్తోందో చీటీ మీద రాసి, "500 దగ్గర 400 అనుకుని తీయండి" అని చెప్పి మరీ ఇస్తారు. అంత నిజాయితీ ఉన్న చీటీ చేతిలో ఉంటే ఫోటో తీసేవాడికి ఇంక బెంగ లేదు.

గుడ్డ పరదాల షట్టర్ ఉన్న కెమెరాల సంగతి వేరు. 1925లో లైప్‌జిగ్ సంతలో లోకానికి కనపడిన లైకా, 1954లో వచ్చిన లైకా ఎం3 ఈ తరహావే. రబ్బరు పూత ఉన్న నల్లటి గుడ్డ పరదాలు రెండు ఫిల్ము ముందు పరుగెడతాయి. ఒకటి తెరుస్తూ పోతుంది, రెండోది మూస్తూ వెంటాడుతుంది. ఎక్కువ స్పీడుల్లో ఆ రెంటి మధ్య సందు సన్నగా ఉంటుంది, ఫిల్ము మీద వెలుగు పడేది ఆ సందులోంచే. రెండో పరదా వేగం పెరిగితే సందు మూసుకుపోయి ఫోటోలో ఒక పక్క చీకటిగా వస్తుంది. అందుకే రెంటి స్ప్రింగుల బిగువు సరితూగేలా సర్దాలి. టెస్టర్ కొనే స్తోమత లేని రోజుల్లో మెకానిక్‌లు పాత పెట్టె టీవీ ముందు కెమెరా వెనక తలుపు తెరిచి షట్టర్ నొక్కేవారు. టీవీ గీతలు పరదా సందులోంచి వాలు పట్టీగా కనపడతాయి. ఆ పట్టీ వెడల్పు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉందా లేదా చూసి, పరదాల నడక ఎలా ఉందో చెప్పేవారు. లైకా లాంటి కెమెరాలో లెన్సుకీ పరదాకీ మధ్య అద్దం ఉండదు. మూత పెట్టకుండా సూర్యుడి వైపు వదిలేస్తే లెన్సే ఎండని గుడ్డ మీద పోగుచేసి సన్నటి చిల్లు కాలుస్తుంది.

1970లలో జపాన్ నుంచి వచ్చిన ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకి ఇంకో బాధ ఉంది. వెనక తలుపు సందుల్లోంచి వెలుగు రాకుండా పెట్టిన స్పాంజి కాలక్రమేణా నల్లటి బంకగా మారుతుంది. దాన్ని గీకి తీసి కొత్తది అతికించడం ఓపిక పని. మన కోస్తా ఊళ్లలో అన్నిటికన్నా పెద్ద శత్రువు ఫంగస్. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ గాలిలోని తేమకి లెన్సు లోపల సాలెగూడు లాంటి పోగులు అల్లుకుంటాయి. మొదట్లో తెస్తే తుడిచెయ్యవచ్చు. ఆలస్యమైతే అది వదిలే ఆమ్లం అద్దం మీది పూతని తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. కెమెరాని తోలు కేసులో పెట్టి దాచడం మంచిదని అందరూ అనుకుంటారు. ఆ తోలే తేమని పట్టి ఉంచుతుంది. కేసులోంచి తీసి, సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి. అన్నిటికన్నా మంచి మందు నెలకోసారి బయటికి తీసి ప్రతి స్పీడులోనూ నాలుగుసార్లు నొక్కడం.

ఇంత చెప్పడం ఎందుకంటే, ఈ కెమెరాలు విప్పడానికి వీలుగా కట్టినవి. అతికించి మూసెయ్యలేదు, స్క్రూలతో బిగించారు. పరదా స్ప్రింగు పక్కన బిగువు మార్చుకునే ఏర్పాటు ఉంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ పక్కన జరుపుకునే స్క్రూ ఉంది. ఫ్యాక్టరీలో సరిచూసి పంపిన వస్తువుకి మళ్లీ సర్దుకునే స్క్రూ వదిలారంటే, ఏదో ఒకనాడు ఎవరో దీన్ని విప్పుతారని కట్టినవాళ్లు ముందే అనుకున్నారన్నమాట. ఆ నమ్మకం వల్లనే యాభై, అరవై ఏళ్ల నాటి కెమెరా ఈనాటికీ చేతికి అందుతోంది.

మరి ఆ విప్పేవాళ్లు ఎందరు మిగిలారు? విడిభాగాలు ఫ్యాక్టరీల నుంచి రావడం ఎప్పుడో ఆగింది. రెండు పాడైన కెమెరాలు కొని ఒకదాన్ని బతికించుకుంటున్నారు. భాగం దొరికినా దాన్ని కూర్చే చెయ్యి దొరకడం ఇంకా కష్టం. ఆ విద్య సర్వీస్ మాన్యువల్‌లో సగమే ఉంటుంది. ఏ స్క్రూ ఎంత బిగిస్తే చాలో, ఏ చప్పుడు దగ్గర చెయ్యి ఆపాలో పక్కన కూర్చుని నేర్చుకోవలసిందే. కెమెరాలు చేసే కంపెనీకే ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. రికో సంస్థ పెంటాక్స్ పేరుతో మళ్లీ ఫిల్ము కెమెరా చేస్తామని 2022లో ప్రకటించి, 2024లో పెంటాక్స్ 17 తెచ్చింది. చేత్తో ఫిల్ము తిప్పే లీవరు కోసం వాళ్లు పాత డ్రాయింగులు వెతికి, రిటైరైన ఇంజనీర్లని సలహా అడగవలసి వచ్చింది. అడిగేసరికి వాళ్లు ఇంకా ఉన్నారు, అది అదృష్టం.

మనకీ ఆ అదృష్టం ఇంకా ఉంది. కోఠిలో, విజయవాడలో, చెన్నైలో ఇంటిపేరు కూడా బోర్డు మీద రాసుకోని మెకానిక్‌లు ఉన్నారు. వాళ్ల దగ్గర బేరం ఆడొద్దు. పూట పట్టే పనిని అరగంటలో అడగొద్దు. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ చదివే పిల్లలున్నారు. సెలవుల్లో ఒక నెల ఇలాంటి బల్ల పక్కన కూర్చోబెడితే, వెలుగు అనే మాట వాళ్లు ఇంకో రకంగా నేర్చుకుంటారు. ఇంట్లో పాత కెమెరా ఉన్నవాళ్లు దాన్ని అమ్మేసేముందు ఒక్కసారి సర్వీసింగ్‌కి ఇచ్చి చూడండి. అయిన ఖర్చుకి తగ్గ రీళ్లు తియ్యండి. కెమెరా కట్టినవాళ్లు తమ పని సగం చేసి, మిగతా సగం రాబోయే మెకానిక్‌కి వదిలారు. ఆ సగం చేస్తున్నవాళ్లకి మనం పని ఇవ్వాలి, తగిన సొమ్ము ఇవ్వాలి, నేర్చుకునే పిల్లల్ని ఇవ్వాలి.