ముందు పెద్ద చక్రం, వెనుక చిన్న చక్రం

శాన్‌ఫ్రాన్సిస్కో నుండి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరంగా కొంత దూరం పోతే మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరు వస్తుంది. చుట్టూ కొండలు. వేసవి ముగిసేనాటికి వాటి మీది గడ్డి ఎండి తేనెరంగుకు తిరుగుతుంది. లోయలలో మాత్రం ఓక్ చెట్లు పచ్చగానే నిలిచి ఉంటాయి. ఆ అందం చూడడానికి అక్కడికి వెళ్ళేవారున్నారు. నేను మాత్రం మా అక్క చెప్పిన పని మీద వెళ్ళాను.

శాన్‌హోసేలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు రెండేళ్ళ క్రితం కొండదారిలో సైకిలు మీదినుండి పల్టీ కొట్టి భుజం ఎముక విరగగొట్టుకున్నాడు. "ఎలాగైనా ఆ సైకిలు అమ్మించి రా" అని, నేను బయలుదేరే ముందు అక్క చెప్పింది. తీరా వెళ్ళి చూస్తే వాడు దానిని అప్పటికే అమ్మేశాడు. నేను సంతోషించే లోపల, "కొత్తది కొంటున్నాను మామయ్యా, చక్రాల సైజు ఒక్కటే తేలలేదు" అన్నాడు. అది తేల్చుకోవడానికే నన్ను వెంటబెట్టుకుని ఫెయిర్‌ఫాక్స్ వచ్చాడు.

ఈ ప్రశ్నకు ఆ ఊరే పుట్టినిల్లు. ఊరి పక్కనే కాస్కేడ్ లోయలోకి దిగే మట్టిబాట ఒకటి ఉన్నది. అగ్నిమాపక వాహనాల కోసం వేసిన ఆ బాట సుమారు రెండు మైళ్ళలో 1,300 అడుగులు దిగుతుంది. 1976 అక్టోబరు 21న కొందరు యువకులు అక్కడ తొలి సైకిలు పందెం పెట్టుకున్నారు. వారి వాహనాలు పాతసామానులో పడి ఉన్న, 1930, 40ల నాటి లావు టైర్ల సైకిళ్ళు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు వాటిది. కిందికి చేరేసరికి హబ్బులోని గ్రీజు కాలి పొగలు కక్కేది. మళ్ళీ గ్రీజు కూరితే గాని రెండవసారి దిగడానికి వీలుండేది కాదు. అందుకే ఆ బాటకు 'రీప్యాక్' అనే పేరు వచ్చింది.

ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో కొండదారుల కోసమే ప్రత్యేకంగా ఒక సైకిలు నిర్మించాడు. చట్రం కొత్తది; చక్రాలు మాత్రం 26 అంగుళాలవే. లావు టైర్లు ఆ సైజులోనే దొరికేవి మరి. 1933లో ష్విన్ కంపెనీ పిల్లల సైకిళ్ళకు తగిలించిన టైరు అది. ఏ ఇంజనీరూ లెక్క కట్టి నిర్ణయించని ఆ కొలత, చేతికి అందిన పాపాన, దాదాపు మూడు దశాబ్దాలు ప్రపంచంలోని కొండ సైకిళ్ళను ఏలింది. 1999లో 29 అంగుళాల లావు టైరు వచ్చింది. ఆ తరువాత 2007లో ఇరవై ఏడున్నర అంగుళాలది.

ఈ అంకెలను అక్షరాలా నమ్మకూడదు. అవి టైరు వెలుపలి అంచు వరకు వేసిన ఉజ్జాయింపు కొలతలు. రిమ్ము మీద టైరు కూర్చునే చోటు కొలిస్తే, 26 అనేది 559 మిల్లీమీటర్లు, ఇరవై ఏడున్నర 584, 29 అనేది 622. అంటే నడిమిది అని పేరు పడినది నిజానికి చిన్నదానికే దగ్గర. మన ఊళ్ళలో పాలబిందెలు మోసిన నల్ల సైకిలు చక్రం పేరుకు 28 అంగుళాలే గాని, దాని రిమ్ము 635 మిల్లీమీటర్లు. అమెరికా వారి 29 కంటె పెద్దది!

పెద్ద చక్రం రాళ్ళను సులువుగా ఎక్కుతుంది. నాలుగు అంగుళాల రాయి ఎదురైతే, 26 అంగుళాల చక్రం కంటె 29 అంగుళాలది దానిని రెండున్నర డిగ్రీలు తక్కువ వాలుతో తాకుతుంది. చెప్పుకోవడానికి స్వల్పమే, కాని దిగువకు పోయేటప్పుడు ప్రతి రాయికీ ఆ లాభం కలుస్తుంది. చిన్న చక్రం తేలిక, త్వరగా మలుపు తిరుగుతుంది. అన్నిటికంటె ముఖ్యం, నిటారు దిగుడులో ఒళ్ళు వెనక్కి వాల్చినప్పుడు అది తొడలకు తగలదు.

అయితే ముందు పెద్దది, వెనుక చిన్నది పెడితే? 1984లోనే కానన్‌డేల్ కంపెనీ ముందు 26, వెనుక 24 అంగుళాల చక్రాలతో సైకిలు చేసింది. కాని పందేలలో రెండు చక్రాలూ ఒకే సైజులో ఉండాలన్న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధన 2019లో గాని సడలలేదు. ఆ తరువాతనే ఈ జోడింపుకు గిరాకీ పెరిగింది.

ఇందులో ఒక మెలిక ఉంది. రెండు 29ల కోసం చేసిన చట్రంలో వెనుక చిన్న చక్రం దూర్చితే వెనుక ఇరుసు 19 మిల్లీమీటర్లు కుంగుతుంది. హ్యాండిల్ గొట్టం దాదాపు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. పెడళ్ళు దిగి రాళ్ళకు తగులుతాయి. కనుక జోడింపు కోసమే కట్టిన చట్రం కొనడమే మేలు. రెండు సైజుల ట్యూబులు మోయవలసి రావడం మాత్రం తప్పదు.

ఊళ్ళోని సైకిళ్ళ మ్యూజియంలో పందొమ్మిదవ శతాబ్దపు ఎత్తు సైకిలు చూశాము. దానికీ ముందు పెద్ద చక్రం, వెనుక చిన్న చక్రం. గొలుసు లేని ఆ కాలంలో పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరిగేది. వేగం కావాలంటే చక్రాన్ని పెంచడమే దారి. సవారీ దాదాపు ఇరుసు మీదనే కూర్చునేవాడు కనుక, చక్రం రాతికి తట్టుకుంటే తలకిందులుగా పడేవాడు. 1885లో స్టార్లీ చేసిన గొలుసు సైకిలు ఆ గండం గడిపింది. మా వాడు ఆ సైకిలు ముందు చాలాసేపు నిలబడి, "నేను పడినదీ ఇలాగే మామయ్యా. వెనక్కి వాలబోతే చక్రం తగిలింది, ముందుకు జరిగాను" అన్నాడు. వాడు పొట్టివాడు. పాత సైకిలుకు రెండూ 29లే.

ఆనాడు రెండు 29లున్న అద్దె సైకిలు మీద, మరునాడు జోడింపు చక్రాలది ఎక్కి వాడు అదే బాట దిగాడు. గంటకు 15 మైళ్ళ పరిమితి ఉన్న దారి అది, పందెమేమీ లేదు. నేను ఒక మలుపు దగ్గర నిలబడి చూశాను. మొదటి రోజు మలుపు ముందున్న దిగుడులో వాడి మోచేతులు బిగుసుకున్నాయి. రెండవనాడు నడుము వెనక్కి పోయింది, చేతులు వదులుగా ఉన్నాయి. సైకిలు తొక్కడం మరచిపోయి ఇరవై ఏళ్ళయిన నాకు కూడా ఆ తేడా తెలిసింది.

ఆ రాత్రి అక్కకు ఫోను చేశాను. "సైకిలు అమ్మేశాడు" అన్నాను. అది నిజమే. కాని సగం వాక్యం అప్పగించి ఊరుకోవడం అనువాదాలు చేసేవాడికి చేతకాదు. మిగిలినది కూడా చెప్పాను: కొత్తది కొంటున్నాడని, ఈసారి వెనుక చక్రం చిన్నదని, ఎందుకు చిన్నదో కూడా.

అక్క కాసేపు మాట్లాడలేదు.

"వాడి ఎత్తు వాళ్ళ నాన్నది" అన్నది చివరకు. "కొనేటప్పుడు నువ్వు పక్కనే ఉండి చూడు."