బీరువాలో బేగు

మా అమ్మకి నేను కొన్న మొదటి ఖరీదైన వస్తువు ఒక హేండ్‌బేగు. 2009లో, న్యూజెర్సీలో మొదటి ఆన్‌సైట్. పెర్‌డియంలో మిగుల్చుకున్న డబ్బుల్తో థాంక్స్‌గివింగ్ సేల్లో 130 డాలర్లు పెట్టి కొన్నాను. నల్లగా, మెత్తగా, ముట్టుకుంటే అచ్చం తోలులాగే ఉండేది. అమ్మ తోలు వస్తువులు వాడదు గనక, లేబుల్ మీద మైక్రోఫైబర్ లెదర్, జంతువులది కాదు అని రాసి ఉండడం చూసి మరీ తీసుకున్నాను.

విజయనగరం వెళ్ళి చేతికిచ్చాక ఒక తెలివితక్కువ పని చేశాను. "ఎంతయిందిరా?" అనడిగితే నిజం చెప్పేశాను. అప్పట్లో డాలరు 47 రూపాయల దరిదాపుల్లో ఉండేది. ఆరు వేల పైమాటే.

అంతే. ఆ బేగు భుజమెక్కలేదు, బీరువా ఎక్కింది. ఇరవయ్యేళ్ళకి పైగా స్కూలుకి రెగ్జీన్ సంచీ తగిలించుకుని వెళ్ళిన టీచరుగారు, రిటైరయ్యాక కూడా పెన్షన్ పనికి బేంకుకి అదే సంచీతో వెళ్ళేది. ఫోన్లో అడిగినప్పుడల్లా "మంచి రోజుకి తీస్తాన్లేరా" అనేది. నేను సెలవుకి వెళ్ళినప్పుడల్లా చూస్తే బేగు తన ప్లాస్టిక్ కవర్లో, లోపల నాలుగు కలరా ఉండల్తో, పట్టుచీరల పక్కన భద్రంగా ఉండేది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దం పగిలి ఇంట్లోకి నీళ్ళొచ్చేసేయి. కరెంటు లేదు. ఆ చీకట్లో ఆవిడ ముందుగా పైఅరలోకి ఎక్కించినవి మూడేనట: పెన్షన్ కాగితాలు, నాన్న ఫోటో, నా బేగు.

మంచి రోజు 2019 ఫిబ్రవరిలో వచ్చింది. శ్రీకాకుళంలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి. నేనూ హైదరాబాదు నుంచి వచ్చి అమ్మతో కలిసి రైల్లో వెళ్ళాను. కళ్యాణ మండపంలో కవర్లోంచి బేగు తీసి, గోధుమరంగు పట్టుచీర మీద భుజానికి వేసుకుంది. పది నిమిషాలకే చీరంతా నల్ల పొలుసులు. పట్టుకుంటే చేతికి అంటుకుంటున్నాయి, దులిపితే ఇంకా రాలుతున్నాయి. మా పిన్ని ఊరుకుంటుందా! "ఏటప్పా, అమెరికా బేగు బొగ్గు రాలస్తంది?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేరు, అమ్మా నవ్వింది. తర్వాత చూస్తే వెనక వరసలో కూర్చుని జేబురుమాలుతో చీర తుడుచుకుంటోంది. బేగు కుర్చీ కింద ఉంది.

తిరుగు రైల్లో పొందూరు స్టేషన్ దాటేక చిన్నగా అంది: "నువ్వెంత కష్టపడి కొన్నావో. నేనే సరిగ్గా చూసుకోలేకపోయేన్రా." నాకేం చెప్పాలో తోచలేదు. ప్రొడక్షన్లో సర్వర్ పడిపోతే అర్ధరాత్రి లేచి కారణం కనిపెట్టేవాణ్ణి, దీనికి మాత్రం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

హైదరాబాదు వచ్చాక నాలుగు రాత్రులు కూర్చుని చదివాను. మైక్రోఫైబరంటే చాలా సన్నని పోగు, ఎక్కువగా పాలియెస్టరో నైలానో. ఎంత సన్నమంటే, ఆ పోగుని విజయనగరం స్టేషన్ నుంచి నెల్లిమర్ల వైపు 9 కిలోమీటర్లు పరిచినా ఒక గ్రాము తూగదు. 1970లో జపాన్లో టోరే కంపెనీలో మియోషీ ఒకమోటో అనే ఆయన ఇలాంటి పోగులతోనే అల్ట్రాస్వీడ్ అనే బట్ట చేశాడు. ఈ పోగుకి చావు అంత తొందరగా రాదు. చచ్చేది దాని మీది పూత. మైక్రోఫైబర్ లెదర్ అంటే ఈ పోగుల పరుపు మీద పాలీయురేథేన్ పూత పూసి తోలులా కనబడేట్టు చెయ్యడం. ఆ పూతలో నాసిరకం వాటికి గాల్లోని తేమే శత్రువు. నీటి అణువు ఒక్కో బంధాన్నీ తెంపుకుంటూ పోతుంది. వాడినా వాడకపోయినా తెంపుతుంది. డబ్బాలో కొత్తగా దాచిన షూ నాలుగేళ్ళకి తీసి వేసుకుంటే సోలు పిండయి రాలిపోవడం మీలో చాలామందికి అనుభవమే అయ్యుంటుంది. అదీ ఇదే జబ్బు.

ఇప్పుడు మా అమ్మ చేసింది చూడండి. సముద్రపు గాలి తగిలే ఊరు. గాలాడని ప్లాస్టిక్ కవరు. తుఫాను తేమ లోపలే ఉండిపోయింది. పైగా కలరా ఉండలు, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్కుల్ని మెత్తబరుస్తుంది. అంటే ఆవిడ ఎంత జాగ్రత్త పడితే అంత తొందరగా పోయింది. రోజూ బేంకుకి తీసుకెళ్ళి ఉంటే అది చిరిగేదో మాసేదో గానీ, నాలుగేళ్ళు సుఖంగా బతికేది. నాన్నగారి 1980ల నాటి రెగ్జీన్ సంచీ ఇప్పటికీ అటక మీద ఉంది. బిరుసెక్కిందంతే, పొలుసు రాలలేదు. అది వేరే ప్లాస్టిక్.

ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. సగం విని, "అయితే నా తప్పు కాదంటావు" అంది. కాదన్నాను. రెండోసారి కూడా అడిగింది.

మన ఐటీవాళ్ళ తల్లిదండ్రుల బీరువాలు తెరిస్తే ఇలాంటి మ్యూజియంలు ఎన్నో. సీలు తియ్యని సెంటు సీసాలు, బేటరీ చచ్చిపోయిన ఐపేడ్లు, నాన్నకి కొన్న వాచీలు. మనం రేటు చెప్తాం, వాళ్ళు దాచేస్తారు.

మా ఇంట్లోనే దీనికి ఉల్టా కేసు ఉంది. నాన్నగారి పొందూరు పంచెలు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, చేత్తో 100 కౌంటు నూలు తీస్తారని అందరికీ తెలిసిందే. అదీ సన్నని పోగే, కానీ అమ్మకి దాంతో ఏ భయమూ లేదు. కుంకుడు రసంలో జాడించి, పల్చటి గంజి పెట్టి, నీడలో ఆరేసి, నాన్న పోయేదాకా వారంవారం ఉతికింది. ఉతికినకొద్దీ మెత్తబడ్డాయి గానీ పాడవలేదు.

2019 దసరాకి ఇంకో బేగు కొన్నాను. ఈసారి పూత లేనిది, స్వీడ్ లాంటి మైక్రోఫైబర్ బట్టది, బూడిదరంగు. రేటు 400 అని చెప్పాను. (దేవుడు క్షమించుగాక.) వాడకం కూడా ఫోన్లో చెప్పాను. నానబెట్టొద్దు, లోపల అట్ట ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో చుక్క షాంపూ, తెల్లటి పాతగుడ్డ, పిండేసి తుడవడమే. బట్టలకి పోసే కండిషనర్ వద్దు, పోగుల మధ్య పేరుకుపోతుంది. నూనె పడితే ముఖానికి రాసే పౌడరు చల్లి రాత్రంతా వదిలేసి దులపాలి. సిరా పడితే కనపడని మూల ముందు పరీక్షించి, అప్పుడు స్పిరిట్ అద్దాలి. పూత ఉన్న బేగుకి మాత్రం స్పిరిట్ తగలనివ్వకూడదు, తడిగుడ్డే. లోపల తెల్లకాగితం కుక్కి నీడలో ఆరబెట్టి, అణిగిన నూగుని పాత టూత్‌బ్రష్‌తో లేపాలి. న్యూస్‌పేపరు కుక్కితే అచ్చు అంటుకుంటుంది. దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, నూలుగుడ్డ.

నూలుగుడ్డంటే ఆవిడ నాన్నగారి పంచె ఒకటి చింపి సంచీ కుట్టింది. నాకు ముందు మనసొప్పలేదు. ఆవిడకి ఏ పట్టింపూ లేదు, "ఆయనకి పనికిమాలిన ఖర్చు నచ్చదు" అంది.

మొన్న ఫోన్ చేసింది. పైడితల్లమ్మ గుడి నుంచి వస్తుంటే పసుపు పొట్లం బేగులో విప్పుకుపోయిందట. తడి తగలనివ్వకుండా ముందు దులుపు, తర్వాత షాంపూ నీళ్ళతో అద్దు, అప్పటికీ మిగిలితే ఎండలో పెట్టు అన్నాను, పసుపు రంగు వెలుతురుకి వెలుస్తుంది.

"నీడలోనే ఆరబెట్టమన్నావు కదరా?"

"దీనికి మాత్రం ఎండే అమ్మా. ఓ గంట."

"గంటలో పోకపోతే? రేపు బజారుకి ఏది పట్టుకెళ్ళను?" అంది.